మొరిగే కుక్క కరవదు

ఫిబ్రవరి 19, రాత్రి పదకొండున్నర. ఎల్లుండి మాతృభాషా దినం, మన క్లబ్బు సాయంకాలం. అందులో నాకు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. నా లాప్‌టాప్ టెర్మినల్‌లో మాత్రం రెండు సెకన్లకోసారి ఒకటే లైను పడుతోంది: "వాచ్‌డాగ్: సిగ్నలింగ్ పీడీ". కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. స్క్రీన్ మీద విండో తెల్లగా అయిపోయింది. మౌస్ ఆగి ఆగి కదులుతోంది. "ఈ ప్రోగ్రాం స్పందించడం లేదు, మూసెయ్యమంటారా, ఆగుతారా?" అని ఒక డబ్బా వచ్చింది. మూసేశా. మళ్ళీ తెరిచా. మళ్ళీ అదే లైను. ఆ రాత్రి మొత్తం పదకొండుసార్లు మూసి తెరిచా. లెక్కపెట్టుకున్నా కాబట్టి గుర్తుంది.

ఇది ఆ కుక్క కథ. కోడింగ్ రాని వాళ్ళు కూడా చదవచ్చు, భయపడకండి.

ముందు నేను చెయ్యాలనుకున్నది చెప్తా. మాది కడప జిల్లా కమలాపురం. మా జేజినాయన చెక్కభజన గురువు. చూడని వాళ్ళ కోసం: రెండు చెక్క ముక్కలకు చిన్న చిన్న రేకు బిళ్ళలు బిగించి ఉంటాయి, వేళ్ళకు తగిలించుకుని తాళం కొడతారు. కాళ్ళకు గజ్జెలు. పదిమందో ఇరవైమందో గుండ్రంగా తిరుగుతూ అడుగులేస్తారు, గురువు పాట ఎత్తుకుంటాడు, మిగిలినవాళ్ళు అందుకుంటారు. శ్రీరామనవమికి మా వైపు ఊళ్ళలో తప్పకుండా ఉంటుంది. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు జేజినాయన పోయాడు. ఆయన కొట్టడం నేను చూసిన గుర్తు లేదు.

ఆయనవి మూడు క్యాసెట్లు మిగిలాయి. 2021 నవంబరులో వానలకి పాపాఘ్ని పొంగి మా ఊరి దగ్గర వంతెన కూలిపోయింది, మీలో కొందరు వార్తల్లో చూసే ఉంటారు. ఆ వారంలోనే మా పాత మిద్దె కూడా కారింది. అటక మీద పెట్టెలో ఉన్న క్యాసెట్లకి తేమ పట్టింది. జేజి వాటిని ఎండలో పెట్టబోతే నేను వద్దని ఆపి, గుడ్డతో తుడిచి, తర్వాత తెలిసినాయన దగ్గర టేప్ రికార్డర్ అడిగి తెచ్చి లాప్‌టాప్‌లోకి ఎక్కించా. 60 నిమిషాల క్యాసెట్లు, మూడు. అంటే ఆరు వైపులు, ఒక్కో వైపు 30 నిమిషాలు. ఎక్కించేటప్పుడు ప్లే బటన్ నొక్కి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వేరే పాటలు వింటూ కూర్చున్నా. ఆ సంగతి తర్వాత అవసరమవుతుంది, గుర్తుపెట్టుకోండి.

క్లబ్బు వాళ్ళు "ఏదైనా చెయ్యి" అన్నప్పుడు నాకు ఈ క్యాసెట్లే తట్టాయి. నేను వాడింది ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్. ముద్దుగా పీడీ. ఇందులో కోడ్ టైప్ చెయ్యం, డబ్బాలు గీసి తీగలతో కలుపుతాం. అలా గీసినదాన్ని ప్యాచ్ అంటారు. దీన్ని 1990లలో మిల్లర్ పకెట్ అనే ఆయన రాశాడు. అంతకు ముందు 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో ఆయనే మ్యాక్స్ అనే ప్రోగ్రాం రాశాడు. కంప్యూటర్‌తో సంగీతం పలికించిన తొలి వాళ్ళలో ఒకడైన మ్యాక్స్ మాథ్యూస్ పేరే దానికి పెట్టారు. పీడీ ఉచితం, ఎవరైనా సోర్స్ తెరిచి చూసుకోవచ్చు. ఈ చివరి మాటే నన్ను కాపాడింది.

నా ప్లాను: జేజినాయన గొంతు ఒకవైపు నుంచి వస్తుంటే, చుట్టూ చెక్కల చప్పుడు అరవైనాలుగు మంది కొడుతున్నట్టు హాలంతా తిరగాలి. నేను స్లైడర్లు జరుపుతూ ఉంటే వేగం మారాలి. ఒక మనిషికి ఒక డబ్బా చేశా, అందులో ఎనిమిది స్లైడర్లు. దాన్ని 64 సార్లు కాపీ కొట్టా. ఆరు వైపుల క్యాసెట్ రికార్డింగులూ ప్యాచ్ తెరవగానే మెమరీలోకి లోడ్ అయ్యేలా పెట్టా. ఎక్కడి ముక్క కావాలంటే అక్కడిది తీసుకోవచ్చు కదా అని. గొప్పగా అనిపించింది. తెరిస్తే కుక్క లేచింది.

మొదట నాకు అర్థమైంది ఇది: వాచ్‌డాగ్ అనే ఏదో ప్రోగ్రాం నా పీడీని చంపుతోంది. సిగ్నల్ పంపడం అంటే లినక్స్‌లో చంపడమే అని నా బుర్రలో ఉంది, కిల్ కమాండ్ అలాగే పని చేస్తుంది కాబట్టి. అందుకే అది చంపేలోపు నేనే మూసి, మళ్ళీ తెరిచి, ఈసారైనా తొందరగా లోడ్ అవుతుందేమో అని చూశా. పరీక్షలో ప్రశ్న అర్థం కాకపోతే అదే ప్రశ్నని ఇంకోసారి చదువుతామే, అలాగ.

ఆ రాత్రి పన్నెండు దాటాక జేజి నుంచి ఫోను. ఆమెకి నిద్ర పట్టదు, నేను మేలుకునే ఉంటానని తెలుసు.

"ఏం నాయనా, ఇంకా పండుకోలేదా?"

"లేదు జేజీ. జేజినాయన పాట పెట్టాలని చూస్తున్నా. కుక్క పడనీటంలే."

"కంప్యూటర్లో కుక్కేందిరా?"

చెప్పడానికి ప్రయత్నించా. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు ప్రాసెస్, సిగ్నల్, ప్రయారిటీ, ఇవన్నీ తెలుసు అనే అనుకుంటాను. తెలుగులో జేజికి చెప్పాల్సి వచ్చేసరికి ఒక్కటీ తెలియదని తేలింది. చివరికి ఇలా అన్నా: "ఒకటి కాపలా ఉంటాది జేజీ. లోపల పని చేసేటోడు పలక్కపోతే మొరుగుతాది."

"మొరిగి ఏం చేస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. చంపుతుంది అనుకున్నాను గానీ చూశానా? లేదు.

"సేను కాడ కుక్క మొరిగితే కుక్కని కొడతామా? లేసి పోయి ఎవురొచ్చినారో సూడాల గదా" అని, "తొందరగా పండుకో" అని పెట్టేసింది.

పండుకోలేదు. పీడీ సోర్స్ కోడ్ దింపి వాచ్‌డాగ్ ఫైలు తెరిచా. ఏదో పెద్ద గ్రంథం ఉంటుందనుకుంటే వంద లైన్లు కూడా లేదు. అది చేసేది ఇంతే.

కుక్క ఒక పైపు దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటుంది. 5 సెకన్లలోపు పీడీ నుంచి చిన్న చప్పుడు, అంటే ఒక్క అక్షరం, వస్తే సంతోషం. కోడ్‌లో ఆ వేరియబుల్ పేరే "హ్యాపీ". రాకపోతే హ్యాపీ సున్నా అవుతుంది, ఆ లైను ప్రింట్ చేసి పీడీకి ఒక సిగ్నల్ పంపుతుంది. అప్పట్నుంచి 2 సెకన్లకోసారి అదే పని, మళ్ళీ చప్పుడు వచ్చేదాకా. నా స్క్రీన్ మీద రెండు సెకన్ల లెక్క అందుకే.

ఆ సిగ్నల్ పేరు సిగ్‌హప్. హప్ అంటే హ్యాంగప్, ఫోను పెట్టేయడం. టెలిఫోన్ లైను మీద కంప్యూటర్లు మాట్లాడుకున్న రోజుల్లో లైను తెగితే ప్రోగ్రాంకి పంపే కబురు అది. మామూలుగా దానికి ప్రోగ్రాం చచ్చిపోతుంది. కానీ పీడీలో ఆ సిగ్నల్ వస్తే ఏం చెయ్యాలో విడిగా రాసిపెట్టారు. ఏం చేస్తుందో తెలుసా? 30 మిల్లీసెకన్లు నిద్రపోతుంది. అంతే! లేచి మళ్ళీ తన పని తను చేసుకుంటుంది.

నేను కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకున్నా. కుక్క కరవనే లేదు. పదకొండుసార్లు చంపింది నేను. ఒక్కసారి ఆగి ఉంటే, "ఆగుతారా" అని అది అడిగినప్పుడు ఆగుతానని నొక్కి ఉంటే, ప్యాచ్ తెరుచుకునేది. పన్నెండోసారి ఏమీ ముట్టుకోకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నా. 52 సెకన్లకి తెరుచుకుంది. ఆ 52 సెకన్లలో కుక్క సుమారు 24 సార్లు మొరిగింది, 24 సార్లు 30 మిల్లీసెకన్లంటే మొత్తం కలిపి ముప్పావు సెకను కూడా కాదు. నా ఆలస్యానికి కుక్క కారణమే కాదు.

మరి ఆ కుక్క ఎందుకు? సౌండ్ పని ఆలస్యాన్ని ఓర్చుకోదు. పీడీ ఒక్కో విడతకి 64 శాంపిళ్ళ శబ్దం తయారు చేస్తుంది. సెకనుకి 44100 శాంపిళ్ళ లెక్కన ఒక విడత అంటే సుమారు 1.45 మిల్లీసెకన్లు. వేరే ప్రోగ్రాం ఏదైనా ఎక్కువసేపు అడ్డం వస్తే స్పీకర్లో టప్ మని వినిపిస్తుంది. అందుకే లినక్స్‌లో పీడీకి రియల్‌టైమ్ ప్రయారిటీ ఇస్తారు, అంటే "నేను వచ్చినప్పుడు అందరూ పక్కకి జరగండి" అనే పాస్. నేను ఆ ఆప్షన్ పెట్టే నడిపాను. కానీ ఆ పాస్ ఉన్నవాడు పొరపాటున ఎప్పటికీ ముగియని లూప్‌లో పడితే? ఎవ్వరికీ వంతు రాదు, కీబోర్డు, మౌస్ కూడా చచ్చినట్టే. అందుకని వాడికంటే ఇంకో మెట్టు ఎక్కువ పాస్‌తో ఒక కుక్కని కూర్చోబెట్టారు. వాడు 5 సెకన్లు పలక్కపోతే అది మొరుగుతుంది, వాడు 30 మిల్లీసెకన్లు పక్కకి జరుగుతాడు, ఆ సందులో మనకి మౌస్ అందుతుంది, కావాలంటే మనం మూసుకోవచ్చు. చంపాలా వద్దా అన్న నిర్ణయం కుక్కది కాదు, ఇంటివాడిది. ఇప్పుడు లినక్స్ కెర్నల్ కూడా మామూలుగా ప్రతి సెకనులో 0.95 సెకనుకి మించి రియల్‌టైమ్ వాళ్ళకి ఇవ్వదు, మిగిలినది మిగతావాళ్ళకి. అదీ ఇదే బుద్ధి.

అన్ని కుక్కలూ ఇంత మంచివి కావు. మా ఊరి స్టేషన్ చెన్నై–ముంబై లైన్లో ఎర్రగుంట్లకీ కడపకీ మధ్య ఉంది. ఆ దారిన పోయే ఇంజన్లలో డ్రైవరు నిద్రపోకుండా చూసే యంత్రం ఉంటుంది. సుమారు ఒక నిమిషం పాటు ఏ హ్యాండిలూ, ఏ బటనూ ముట్టుకోకపోతే ముందు లైటు, తర్వాత బజర్, అప్పటికీ కదలిక లేకపోతే బ్రేకులు వేసేస్తుంది. అది కరిచే కుక్కే, కరవాలి కూడా. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోనూ అంతే. ఒక ముఖ్యమైన పని సమయానికి పూర్తి కాకపోయేసరికి కంప్యూటర్ దానంతటదే మళ్ళీ మళ్ళీ రీసెట్ అయింది. అక్కడి ఇంజనీర్లు రీసెట్‌ని తిట్టుకుంటూ కూర్చోలేదు. తక్కువ ప్రయారిటీ పని ఒకటి తాళం పట్టుకుని కూర్చుంటే, ఎక్కువ ప్రయారిటీ పని దాని కోసం ఎదురుచూస్తోందని కనిపెట్టి, ఇక్కడి నుంచే సెట్టింగ్ మార్చి సరిచేశారు. ఓఎస్ క్లాసులో ప్రయారిటీ ఇన్వర్షన్ అని చదువుతామే, అది ఇదే. నేను రెండు మార్కులకి బట్టీ పట్టా.

20న పొద్దున ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్కకి చూపించా. అప్పటికి నేను రియల్‌టైమ్ ఆప్షన్ తీసేశా, కుక్క అసలు లేవలేదు, టెర్మినల్ శుభ్రంగా ఉంది. "అక్కా, ఫిక్స్ అయింది" అన్నా.

"లోడ్ అవ్వడానికి ఎంత పడుతోంది?"

"52 సెకన్లు."

"అయితే ఏం ఫిక్స్ చేశావురా? కుక్క నోరు కట్టేశావు."

నిజమే. ఆ చప్పుడు ఎలా వెళ్తుందో అక్కతో కూర్చుని చూశాం. పీడీలో బొమ్మలు గీసే భాగం వేరే ప్రాసెస్, లెక్కలు చేసే భాగం వేరే. గీసే భాగం 2 సెకన్లకోసారి "ఉన్నావా?" అని లెక్కల భాగానికి కబురు పెడుతుంది. అది ఆ కబురు చదివి కుక్కకి చప్పుడు వినిపిస్తుంది. ప్యాచ్ తెరిచేటప్పుడు లెక్కల భాగం ఆ పని మొత్తం అయ్యేదాకా వచ్చిన కబుర్లు చదవదు. అంటే కుక్క మొరిగితే పీడీ చచ్చిందని కాదు, 5 సెకన్లుగా ఉత్తరాలు చూసుకోలేదని. ఎందుకు చూసుకోలేదో కనుక్కోవాలి. జేజి చెప్పిందీ అదే కదా.

సగం సగం తీసేస్తూ స్టాప్‌వాచ్‌తో కొలిచాం. క్యాసెట్ల లోడింగ్ తీసేస్తే 14 సెకన్లు. ఆ 64 డబ్బాలు కూడా తీసేస్తే 2 సెకన్లు. అంటే దొంగలు ఇద్దరు. క్యాసెట్లు 38 సెకన్లు, డబ్బాలు 12.

డబ్బాలది తేలిక. 64 డబ్బాలు, ఎనిమిదేసి స్లైడర్లు, అంటే 512 స్లైడర్లు గీయాలి. స్టేజి మీద నేను జరిపేది మూడు. పీడీలో 0.47 వెర్షన్ నుంచి క్లోన్ అని ఒకటి ఉంది, ఒకే డబ్బాని కావలసినన్ని కాపీలు కనిపించకుండా నడుపుతుంది. 64 మందిని 16కి తగ్గించా, మూడు స్లైడర్లు మాత్రం బయట పెట్టా. వింటే తేడా తెలియలేదు. నిజానికి బాగుంది, గోల తగ్గింది.

క్యాసెట్ల లెక్క వేస్తే కళ్ళు తిరిగాయి. ఒక వైపు 30 నిమిషాలంటే 7 కోట్ల 93 లక్షల 80 వేల శాంపిళ్ళు. డిస్కు మీద శాంపిల్‌కి 2 బైట్లు, ఫైలు 159 ఎంబీ. కానీ 64 బిట్ మెషీన్‌లో పీడీ అర్రేలోకి వస్తే ఒక్కో శాంపిల్ 8 బైట్లు తింటుంది. 635 ఎంబీ. ఆరు వైపులకి 3.81 జీబీ. నాది 8 జీబీ లాప్‌టాప్, తిరిగే హార్డ్ డిస్కు, పక్కన బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు. మెమరీ చాలక డిస్కుకి సర్దుకుంటూ చస్తోంది పాపం.

అంతటితో పోలేదు. అంత కష్టపడి ఎక్కించినా అది సరిగ్గా పలికేది కాదు. పీడీలో నంబర్లు 32 బిట్ ఫ్లోట్‌లు. అవి 1,67,77,216 దాటాక ఒక్కో అంకెనీ విడిగా గుర్తుపట్టలేవు. శాంపిళ్ళ లెక్కలో అది 6 నిమిషాల 20 సెకన్లు. నేను వేగం మార్చడానికి వాడిన పద్ధతిలో ఆ తర్వాత చదివే చోటు గీకినట్టు తప్పుతూ పోతుంది. క్యాసెట్‌లో ఏడో నిమిషం దగ్గర జేజినాయన గొంతు బొంగురు పోతుంటే పాత టేపు కదా అనుకున్నా. టేపు కాదు, నేను.

"మొత్తం ఎందుకురా మెమరీలో? పొడుగువి డిస్కు నుంచి చదువుకుంటూ పోయేలా పెట్టు, చెక్క దెబ్బల్లాంటి చిన్నవి మాత్రమే మెమరీలో ఉంచు" అంది అక్క. దానికి వేరే ఆబ్జెక్ట్ ఉంది, రీడ్‌ఎస్‌ఎఫ్. అది విడి థ్రెడ్‌లో డిస్కు నుంచి కొద్దికొద్దిగా చదువుతుంది, లెక్కల భాగాన్ని ఆపదు. ముందు "తెరువు" అని చెప్పి, కాస్త ఆగి "మొదలెట్టు" అనాలి, అంతే. "ఇంతకీ ఏ ముక్కలు వాడుతున్నావు?"

చెప్పలేకపోయా. ఎందుకంటే నేను ఆ క్యాసెట్లు వినలేదు. మూడు గంటల రికార్డింగ్ మొత్తం మెమరీలో పెట్టేస్తే ఏది కావాలో తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. వినకుండా తప్పించుకోవడానికి 3.81 జీబీ ఖర్చుపెట్టానన్నమాట.

ఆ సాయంత్రం ఆరింటికి కూర్చుని తొమ్మిది దాకా విన్నాను. మొదటి క్యాసెట్లో సగం గాలి చప్పుడే. రెండో దానిలో పాట, గజ్జెలు, మధ్యలో ఎవరిదో దగ్గు. మూడో క్యాసెట్ రెండో వైపు, పాట మంచి వేగంలో ఉండగా ఒక్కసారిగా ఆగింది. జేజినాయన గొంతు, పాటలో కాదు, మామూలు గొంతు: "రేయ్, తాళం జారతాంది. ఎవుర్రా అది? మళ్ళా మొదట్నించి." తర్వాత మా నాయన పేరు పిలిచాడు. "నువ్వు నిలబెట్టు, నిన్ను సూసి వాళ్ళు కొడతారు."

మా నాయన చెక్కలు పట్టాడని నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ ఆయన ఆ మాట ఎత్తలేదు. పాట వినిపిస్తే పక్కకి వెళ్ళిపోయే రకం. ఆ ముక్క 11 సెకన్లు. పదిసార్లు విన్నానేమో. తర్వాత ఒక్కటే చెక్కల జత, నిదానంగా, తప్పకుండా. దాని వెనక మిగిలినవి ఒక్కొక్కటే వచ్చి కలిశాయి.

21న నా ప్యాచ్ మూడు సెకన్లలో తెరుచుకుంది. రియల్‌టైమ్ ఆప్షన్ మళ్ళీ పెట్టా, కుక్కని కట్టెయ్యలేదు. అది ఒక్కసారి కూడా మొరగలేదు. 64 మంది హాలంతా తిరిగే గొప్ప ప్లాను పోయింది. ఉన్నది ఒక గొంతు, పదహారు చెక్కలు. మొదలు మాత్రం ఆ తిట్టుతోనే పెట్టా. వచ్చినవాళ్ళు నవ్వారు. తర్వాత నిశ్శబ్దంగా విన్నారు.

రాత్రి ఆ 11 సెకన్లు నాయనకి వాట్సాప్‌లో పంపా. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు లేదు. పొద్దున ఆరున్నరకి ఫోన్ చేశాడు. తిన్నావా, ఫీజు కట్టినావా, అన్నీ అడిగాడు. పెట్టేసే ముందు అన్నాడు:

"తాళం జారింది నాది కాదు. పక్కోనిది."